ధనికారి నిండాక రండి: అండమాన్ టూర్లు వేసే తెలుగు ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి, విశాఖల నుంచి ఏటా అండమాన్‌కు బ్యాచ్‌లు తీసుకొచ్చే ట్రావెల్స్ యజమానులకు, ఆ బ్యాచ్‌ల వెంట వచ్చే టూర్ మేనేజర్లకు,

నమస్కారం.

మే నెలలో మీ ఊళ్లలో టీవీ పెడితే ఏటా ఒక వార్త తప్పకుండా వినిపిస్తుంది, నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయని. ఆ మాట వినగానే మీరంతా కేరళకు ఇంకెన్నాళ్లు, రాయలసీమకు ఇంకెన్నాళ్లు అని వేళ్ల మీద లెక్కేసుకుంటారు. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో మేం మాత్రం డాబా ఎక్కి సింటెక్స్ ట్యాంకు మూత తీస్తాం. మీకది వానల కబురు, మాకు కుళాయి కబురు. ఈ ఉత్తరమంతా ఆ కుళాయి గురించీ, దానికి నీళ్లిచ్చే ధనికారి డ్యామ్ గురించీ, మీరు వేసే టూర్ తేదీల గురించీ.

ముందు ఒక ఏప్రిల్ చివర్లో జరిగింది చెప్తాను. మీలో ఒకరు, పేరు చెప్పను, చెప్పి లాభం కూడా లేదు, నలభై రెండు మందిని తీసుకొచ్చారు. అనుకున్న హోటల్లో గదులు చాలక పద్నాలుగు మందిని నా లాడ్జికి పంపారు. మా వీధికి నీళ్లు రాక అప్పటికి మూడో రోజు. గదికి రోజుకు రెండు బకెట్లేనని ముందే చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, మెట్లు దిగి వచ్చి, "బాబూ, సముద్రంలో మునిగొచ్చాను, జుట్టంతా ఉప్పు పట్టింది, ఇంకో బకెట్ ఇప్పిస్తావా" అని అడిగింది. అప్పు అడిగినట్టు అడిగింది ఆవిడ. డబ్బు కట్టి వచ్చిన మనిషి నీళ్లకు అలా బతిమాలుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. పక్కనే కుర్చీలో ఉన్న మీ మేనేజరు నవ్వుతూ, "చుట్టూ నీళ్లే కదా సార్, మీకు నీళ్ల కరువేంటి" అన్నాడు. మంచి కుర్రాడే, తెలియక అన్నాడు. అప్పటికి ఆరుసార్లు వచ్చాడట ఇక్కడికి. ఆరుసార్లు వచ్చినా ఈ ఊరు తాగే నీళ్లు ఎక్కడివో అతనికి ఎవరూ చెప్పలేదు.

నేనెవరో చెప్పాలి కదా. మా నాన్న 1960ల చివర్లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి విశాఖ రేవులో ఓడెక్కాడు. సముద్రం బాగుంటే రెండున్నర రోజుల ప్రయాణం. ఛాతమ్ రంపపు మిల్లులో దుంగలు దొర్లించే పనిలో చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. మాకు మీ రాష్ట్రాలు మెయిన్‌ల్యాండ్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరు తెలుగువాళ్లు. మా పేట జంగ్లీఘాట్‌లో చేపల బేరం కాసేపు వింటే ఉత్తరాంధ్ర యాస చెవిలో పడుతుంది. మీ బ్యాచ్‌ల వాళ్లు ఆటో ఎక్కి హిందీ కోసం తడుముకుంటుంటే "ఎక్కడికెళ్లాలండీ" అని డ్రైవరు తెలుగులో అడగడం, వాళ్లు ఉలిక్కిపడటం, ఇది రోజూ జరిగేదే. కాబట్టి నన్ను ఎక్కడో దూరపు ఊరివాడిగా అనుకోకండి. 1997లో నాన్న కట్టిన ఇంటి మీద నాలుగు గదులేసి లాడ్జి మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడు గదులు. టూరిస్టుల మీద బతికేవాడినే, టూరిస్టులు రాకూడదని అనేవాడిని కాదు. మా అమ్మాయిని మెయిన్‌ల్యాండ్‌లో ఇంజనీరింగ్ చదివించింది మీరు పంపిన జనం ఇచ్చిన డబ్బుతోనే.

ఈ ఊరు ఎలా ఉండేదో మీలో చాలామందికి తెలిసే అవకాశం లేదు. దీని పుట్టుకే జైలుగా. 1858 నుంచి ఇంగ్లీషువాళ్లు ఖైదీలను తెచ్చి పడేశారు. 1896 నుంచి 1906 దాకా వాళ్ల చేతే సెల్యులార్ జైలు కట్టించారు. ఛాతమ్ మిల్లు 1883 నాటిది. తర్వాత ఎంతోకాలం ఈ ఊరికి రెండే పెద్ద పనులు: సర్కారు నౌకరీ, కలప. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు, రాంచీ వైపు నుంచి కూలీలు వచ్చారు, తమిళులు, మలయాళీలు, మన మత్స్యకారులు వచ్చారు. ఖైదీల సంతతివాళ్లను ఇక్కడ లోకల్ బార్న్ అంటాం. నా చిన్నప్పుడు అబర్దీన్ బజారులో గంట స్తంభం దగ్గర నిలబడితే వచ్చిపోయే వాళ్లలో సగం మందిని పేరు పెట్టి పిలవగలిగేవాణ్ణి. కొత్త మొహం కనిపిస్తే ఓడ వచ్చిందని అర్థం. బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, పెళ్లిళ్లకు బంగారం, సినిమా రీళ్లు, అన్నీ ఓడలోనే. సముద్రం బాగాలేక ఓడ ఆలస్యమైతే ఊళ్లో ఉల్లిపాయ లేని కూరే.

1979లో జైలును జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ తర్వాతే కొద్దికొద్దిగా జనం చూడ్డానికి రావడం మొదలైంది. నేను లాడ్జి పెట్టిన రోజుల్లో నా దగ్గర దిగేవాళ్లలో బెంగాలీలే ఎక్కువ. సంచుల్లో వంటసామాను తెచ్చుకునేవాళ్లు, స్టవ్వు అడిగేవాళ్లు, వారం పదిరోజులు ఉండేవాళ్లు. వెళ్లేటప్పుడు మా అమ్మకు దండం పెట్టి వెళ్లేవాళ్లు.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి, వాటి మధ్య నుంచే ఈ టూరిజం మొలిచింది. మొదటిది 2002. సుప్రీంకోర్టు ఇక్కడి అడవుల నరికివేతకు కళ్లెం వేసింది. మెయిన్‌ల్యాండ్‌కు కలప పంపడం ఆగింది. అడవికి మంచిదే జరిగింది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కలప మీద బతికిన కుటుంబాలకు వేరే దారి వెతుక్కోక తప్పలేదు, ఆ దారికి టూరిజం అని పేరు పెట్టారు. రెండోది 2004 డిసెంబర్ 26. సునామీలో నికోబార్ దీవులు పోగొట్టుకున్నదాంతో పోలిస్తే మా ఊరు అదృష్టవంతురాలే. అయినా ఇక్కడ నేల దాదాపు మీటరు దాకా కుంగింది. మీ బస్సులు వండూర్ వెళ్లే దారిలో సిప్పీఘాట్ దగ్గర ఎప్పుడైనా ఆగాయా? రోడ్డు పక్కన నీళ్లు పరుచుకుని ఉంటాయి. మీవాళ్లు దిగి, కేరళ బ్యాక్‌వాటర్స్‌లా ఉందని సెల్ఫీలు తీసుకుంటారు. అవి వరి పొలాలండీ. ఆ పొద్దున సముద్రం లోపలికొచ్చింది, మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. నా క్లాస్‌మేట్ వాళ్ల మడి ఆ నీళ్ల కింద ఉంది. ఫొటో తీసుకోవద్దని అనను. తీసుకునే ముందు అది ఏమిటో మీ మేనేజరు ఒక్క మాట చెప్తే చాలు.

2004లో పర్యాటకుల లెక్క లక్ష దాటింది. సునామీ తర్వాతి ఏడాది అందులో మూడో వంతు కూడా రాలేదు. మా గదులకు తాళాలు పడ్డాయి. ఆ భయంతోనే అందరం ఒక్కటై, ఎవరొచ్చినా రానీ, ఎంతమంది వచ్చినా రానీ అనుకున్నాం. నేనూ అనుకున్నాను, దాచుకోను. చవక విమానాలు వచ్చాయి. కేంద్ర ఉద్యోగులు ఎల్టీసీ (సర్కారు ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద విమానంలో వచ్చే వీలు కలిగింది. హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ బీచ్ ఆసియాలోకెల్లా అందమైనదని 2004లోనే ఒక పేరున్న పత్రిక రాసింది, ఆ ఒక్క ముక్కను మీ బ్రోచర్లన్నీ ఇప్పటికీ మోస్తున్నాయి. ఏసీ కేటమరాన్ పడవలు వచ్చి హేవ్‌లాక్‌ను రెండు గంటల లోపు దూరానికి తెచ్చాయి. 2018 వచ్చేసరికి ఏడాదికి అయిదు లక్షల మంది. 2011 లెక్కల్లో మా ఊరి జనాభా లక్ష పైచిలుకు, దీవులన్నీ కలిపినా 3.8 లక్షలు. 2023 జులైలో ప్రధాని ప్రారంభించిన కొత్త ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టింది. రాకపోకలు రెండూ కలిపిన లెక్కే అనుకున్నా, ఒక్కసారి ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

విమానాశ్రయానికి 50 లక్షలు రాసినవాళ్లు ధనికారికి ఎంత రాశారు?

ధనికారి అంటే మా డ్యామ్. ఊరికి కాస్త దూరంలో కొండల మధ్య వాగుకు అడ్డంగా 1970లలో కట్టింది. అప్పటి ఊరికి సరిపోయింది. ఇప్పటికీ మా తాగునీళ్లకు ప్రధాన ఆధారం అదే. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్లకు పైమాట. ఇంత వాన ఉండి ఏడుపేంటి అంటారా? ఈ నేల తీరే అంత. నిటారు కొండలు, సన్నటి దీవి. పెద్ద నది లేదు, చెరువు లేదు. పడిన నీళ్లు గంటల్లో సముద్రంలో కలుస్తాయి. డ్యామ్ పట్టినంత పట్టాల్సిందే, మిగతాది పోయినట్టే. డిసెంబర్‌తో వానలు దాదాపు ఆగిపోతాయి. జనవరి నుంచి మే మూడో వారం దాకా పట్టిందే తాగాలి. మార్చి దాటాక నీటిమట్టం దిగుతున్నకొద్దీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. బాగా ఎండిన ఏళ్లలో మూడు నాలుగు రోజులకోసారి, అదీ కాసేపే. ఆ కాసేపు ఇంట్లో ఒకరు కచ్చితంగా ఉండాలి. పెళ్లికి వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా నీళ్ల రోజు చూసుకుని వెళ్లే ఇళ్లు మా వీధిలో ఎన్నో.

సరిగ్గా అదే కాలంలో మీరు వస్తారు. ఏప్రిల్ చివరి వారం బడులకు సెలవులివ్వగానే మొదటి బ్యాచ్, మే అంతా వరుసగా బ్యాచ్‌లు. డ్యామ్ అడుగు కనిపించే నెలలో ఊళ్లో గది దొరకదు. హోటళ్లు ట్యాంకర్లు కొంటాయి, నేనూ కొంటాను. ట్యాంకరు నీళ్లు ఆకాశం నుంచి ఊడిపడవు. ఊరి చివర పల్లెల్లో బావులున్నవాళ్లు అమ్ముతారు. ఆ బావి పక్కింటివాళ్ల బావి కూడా అదే ఊటది. వాళ్లకు అమ్మినందుకు డబ్బు రాదు, నీళ్లు మాత్రం దిగుతాయి. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పెద్దావిడకు ఇచ్చిన మూడో బకెట్ అలాంటి ట్యాంకరుదే. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను.

నీళ్ల సంగతి ఇంత గట్టిగా చెప్పి మిగతావి తేలిగ్గా దాటేస్తున్నానని అనుకోకండి, చాలానే ఉన్నాయి. కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే, ఆ డీజిల్ ఓడలో రావాలి. 2020లో ఒక పెద్ద సోలార్ ప్లాంటు వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. ఆ కేబుల్ లేకముందు ఒక ఫొటో పంపాలంటే ఎంత టెన్షన్ పడేవాళ్లమో మా పిల్లలు నమ్మరు. ఇవి మాకూ పనికొచ్చిన మార్పులే, టూరిజం ఊపు లేకపోతే ఇంత తొందరగా వచ్చేవి కావేమో కూడా. మరోపక్క కొండవాలు తొలిచి అంతస్తు మీద అంతస్తు లేపుతున్నారు. జంగ్లీఘాట్‌లో నేను ఆడుకున్న వాకిలి ఇప్పుడు ఒక హోటల్ జనరేటర్ గది. మంచి చేప ముందు హోటల్‌కు వెళ్తుంది, మిగిలింది మా బుట్టలోకి. చెత్తంతా బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు పోతుంది, దీవిలో ఇంకెక్కడికి పోగలదు! మీ బ్యాచ్ తాగి పారేసిన సీసా సముద్రం దాటి వచ్చింది, తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం దానికి టికెట్ లేదు.

ఇంకో సంగతి మాత్రం దాటేయలేను. మీలో కొందరు మీ వాట్సాప్ పోస్టర్లలో బారాటాంగ్ దీవి ట్రిప్ కింద "ఆదివాసులను చూసే అవకాశం" అని వేస్తున్నారు. ఒకటి రెండింటిలో బొమ్మ కూడా ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు లేపి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆరు గంటల కాన్వాయ్‌లో నిలబెట్టి, సున్నపురాయి గుహలకని తీసుకెళ్తూ, దారంతా "ఎడమ పక్క చూడండి, కుడి పక్క చూడండి" అనే మేనేజర్లను నేను స్వయంగా చూశాను. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. వాళ్లు కొన్ని వందల మందే. బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు కూడా కాలేదు. ఆ రోడ్డును వాళ్ల ప్రాంతంలో మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2012 జనవరిలో తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లల చేత డాన్సు చేయించిన వీడియో బయటికొచ్చి దేశమంతా తల దించుకుంది. ఫొటో తీస్తే, బండి ఆపితే, బిస్కట్ విసిరితే నేరం, 1956 నాటి రెగ్యులేషన్ ఉంది, శిక్షలున్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టండి. మీ ఊరి బస్సులో జనం మీ వాకిట్లోకి తొంగి చూస్తూ పోతే మీ అమ్మకు ఎలా ఉంటుంది? ఆ లైను మీ పోస్టర్లలోంచి ఈరోజే తీసేయండి. ఇది బతిమాలడం కాదు.

ఇక మా ఊళ్లో మీరు పెట్టే సమయం. మీ ప్యాకేజీలో మా ఊరు విమానం దిగిన రోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దున పడవ ఎక్కేదాకా. చివర్లో ఇంకో రాత్రి, షాపింగ్‌కు. ఇక్కడ సూర్యుడు అయిదింటికే వచ్చేస్తాడు, సాయంత్రం అయిదున్నరకల్లా వెళ్లిపోయే ఏర్పాట్లలో ఉంటాడు. గడియారం ఢిల్లీది, ఎండ మాది. మీవాళ్లు తొమ్మిదింటికి టిఫిన్ ముగించి బయటికొచ్చేసరికి మా రోజులో మూడో వంతు అయిపోయి ఉంటుంది. కార్బిన్స్ కోవ్ బీచ్, గబగబా సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షో, నార్త్ బే దగ్గర, ఆ దృశ్యమే అచ్చేసిన పాత 20 రూపాయల నోటు పట్టుకుని ఒక ఫొటో. అంతే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయ పురం అయిందని కూడా కొందరి బ్రోచర్లకు ఇంకా తెలియదు, అయితే దాని మీద నాకు కోపం లేదు, మా నోటికి కూడా ఇంకా పాత పేరే వస్తుంది.

జైలు విషయంలో మాత్రం బాధగా ఉంటుంది. కొమ్మల్లా విస్తరించిన ఏడు భవనాల్లో మూడే మిగిలాయి, ఒకప్పుడు దాదాపు 700 గదులుండేవి. గైడు ఒకే ఒక్క పేరు చెప్పి, ఒకే ఒక్క గది చూపించి, ఉరికొయ్య దగ్గర ఫొటో తీయించి బయటికి తోలేస్తాడు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు. బయటపడి, 1952లో మొట్టమొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచాడు. మన్యం నుంచి వచ్చిన ఒక గిరిజనుడు కాలాపానీ దాటి పార్లమెంటుకు వెళ్లాడు! విశాఖ నుంచి వచ్చే బ్యాచ్‌కు ఇంతకంటే చెప్పాల్సిన కథ ఏముంది? నా లాడ్జిలో దిగిన వాళ్లకు నేను చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. "మరి గైడు చెప్పలేదేంటి" అంటారు. గైడుకు నలభై నిమిషాలు ఇచ్చారు మీరు, అతనేం చేస్తాడు.

సరే, అడగదలుచుకున్నదానికి వస్తాను.

మీ వేసవి బ్యాచ్‌లలో సగాన్ని దసరా సెలవులకు మార్చండి. వినగానే మీకు నష్టం లెక్కలు తడతాయని తెలుసు, నేనూ వ్యాపారిని. అయినా వినండి. దసరా వచ్చేసరికి మాకు నాలుగు నెలల వాన పడి ఉంటుంది. ధనికారి నిండి ఉంటుంది. ఊరు కడిగిన ఆకులా ఉంటుంది. గదులు, విమానం టికెట్లు ముందుగా తీసుకుంటే మీకూ కలిసొస్తుంది. మీ రెండు రాష్ట్రాల్లోనూ బడులకు పదిరోజులకు తగ్గకుండా సెలవులుంటాయి, అయిదు రాత్రుల ప్యాకేజీకి అది చాలు.

ఇబ్బంది లేదని అబద్ధం చెప్పను. అక్టోబర్‌లో వాన పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు వదలదు. మా సముద్రంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా. సముద్రం పొంగితే హేవ్‌లాక్, నీల్ దీవుల పడవలు ఆపేస్తారు. అందుకే ప్యాకేజీ ఇప్పుడు వేస్తున్నట్టు గంటలు కూర్చి వేయకండి. ఆఖరి రాత్రి కచ్చితంగా మా ఊళ్లోనే పెట్టండి, హేవ్‌లాక్ నుంచి దిగిన రోజే విమానం ఎక్కించే సాహసం వద్దు. ఒక రోజు ఖాళీగా ఉంచండి. పడవ ఆగితే ఆ ఖాళీ రోజుకు పని ఉంది: ఛాతమ్ మిల్లు, ఆంత్రోపాలజీ మ్యూజియం, తీరిగ్గా జైలు, చిడియాటాపు తీరంలో సాయంత్రం. పడవ ఆగకపోతే అదే రోజు మీ జనం కాస్త నిద్రపోతారు, వాళ్లకు అదీ అవసరమే.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. వండూర్ దగ్గర మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో జాలీ బోయ్ దీవిని ఏడాదిలో కొన్ని నెలలు మూసేసి, ఆ నెలల్లో రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. పగడాలకు తెరిపి దొరకాలని. ప్లాస్టిక్ సీసా కూడా పట్టుకెళ్లనివ్వరు. మీ బ్యాచ్‌లు ఆ నియమం బుద్ధిగా పాటించి వస్తున్నాయి, ఎవరూ గొడవ చేయడం నేను చూడలేదు. మన తాతలు చేనును కొన్నాళ్లు బీడు పెట్టినట్టే అది. పగడానికి ఇచ్చిన ఆ తెరిపి, లక్ష మంది ఉన్న ఊరికి ఎండాకాలం రెండు నెలలు, పూర్తిగా కాకపోయినా సగం, ఇవ్వమంటున్నాను.

వేసవిలో రాక తప్పని వాళ్లుంటారు, టీచర్లు, పరీక్షలున్న పిల్లలు. వాళ్లకు బుకింగ్ రోజే చెప్పండి: గదికి ఇన్ని బకెట్లు, షవర్ ఉండకపోవచ్చు, దుప్పట్లు రోజూ మార్చరు. చెప్తే ఎవరూ మానుకోరు, నా అనుభవం అది. చెప్పకుండా తెచ్చి ఇక్కడ మాతో వాళ్లకు గొడవ పెట్టిస్తేనే చేదు మిగులుతుంది. ఆ పెద్దావిడకు ముందే చెప్పి ఉంటే సముద్రంలో దిగేటప్పుడు జుట్టు ముడేసుకుని ఉండేది, అంతే.

ఇది సర్కారు చూసుకోవాల్సిన పని కదా, మాకెందుకు రాస్తున్నావు అని మీలో ఎవరైనా అనవచ్చు. సర్కారుకూ రాస్తూనే ఉన్నాం. మాది అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతం, మా అర్జీ ఢిల్లీ దాకా వెళ్లి రావాలి. కొత్త డ్యామ్, కొత్త పైపులైను ఎప్పటికొస్తాయో వాళ్లిష్టం. తేదీలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. మీ ఆఫీసులో గోడ మీద వేలాడే క్యాలెండర్లో మీరు గుండ్రంగా సున్నా చుట్టేదాన్ని బట్టి మా వీధి కుళాయి నడుస్తోంది.

నా వంతు నేను మొదలుపెట్టాను. వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఏడు గదుల్లో మూడే ఇస్తాను. డాబా మీద వాననీళ్లు పట్టే తొట్టి కట్టిస్తున్నాను, మేస్త్రీ కూడా మన టెక్కలి వాడే. దసరాకు ఏడు గదులూ మీకే, ఇన్నేళ్లూ వేసవిలో నాకు బ్యాచ్‌లు పంపిన వాళ్లకు ముందుగా. మూడో బకెట్‌కు ఎవరూ కిందికి దిగి రానక్కర్లేదు.

ఇట్లు,
జంగ్లీఘాట్‌లో ఏడు గదుల లాడ్జి నడుపుకునే ఒక తెలుగువాడు,
శ్రీ విజయ పురం, మన పాత పోర్ట్ బ్లెయిర్